తంతియు, కానీ కార్డును

1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు తరలిన ఏనుగుల వీరాస్వామయ్యగారు అచ్చటి సుప్రీముకోర్టునందు ద్విభాషిగా నుండినవారు. ధర్మాసనముపైనుండి వెలువడిన ఆంగ్లేయమును వ్యాజ్యెగాండ్రకు వారి భాషలోను, వ్యాజ్యెగాండ్ర గోడును ధర్మాసనమునకు ఆంగ్లేయములోను వినిపించుట వారి వృత్తి. ఇంచుమించు నూర్గురు పరివారముతో పదునైదు నెలలకు పైబడి సాగిన ఆ ప్రయాణములో తాము చూచిన నదులను, సత్రములను, బాటల మంచిచెడ్డలను, జనుల ఆచారములను వారు తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచు వచ్చిరి. ఆ వ్రాతలను పిళ్లగారు కూర్చి 1838లో అచ్చువేయింపగా అవి మనకు కాశీయాత్రచరిత్రయై నిలిచినవి. పరభాషకును స్వభాషకును నడుమ నిలిచి జీవనము గడపిన ఆ పెద్దమనిషి, తన మనసులోని మాటను మిత్రునికి చెప్పవలసి వచ్చినప్పుడు ఏ మధ్యవర్తియు అక్కరలేని వాడుక తెలుగునే చేపట్టెనని తలచినప్పుడెల్ల నాకు ఆయనయందు గౌరవము ఇనుమడించును.

వార్తల రాకపోకల చరిత్రను వ్రాయువారు సాధారణముగా తంతి, టెలిఫోను, రేడియో అని యంత్రముల పేర్లను వరుసపెట్టి, ఒక్కొక్కటి కాలమును ఎంత తగ్గించెనో లెక్కింతురు. అది అవసరమైన లెక్కయే. కాని తెలుగునాట ఆ చరిత్రను వెదకబోయినవానికి ప్రతి యంత్రము ప్రక్కను ఒక మనుష్యుడు నిలిచి కనబడును. వ్రాయలేనివానికి వ్రాసిపెట్టువాడు, వచ్చినదానిని చదివి చెప్పువాడు, ఒక భాషలోని కబురును మరియొక భాషలోనికి మార్చువాడు. ఏ యంత్రము ఈ నడిమి మనుష్యుని అవసరమును పెంచెను, ఏది తగ్గించెను అను ప్రశ్నయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. ఏలయన, ఒకరి దుఃఖము మరియొకరి నోట పలుకవలసి వచ్చినప్పుడు అందులో కొంత ఎప్పుడును చెప్పబడక మిగిలిపోవును.

తాటాకు కమ్మల కాలమునను, తరువాత చేతికాగితముల కాలమునను ఈ మనుష్యుడు తరచుగా గ్రామకరణమే. కలము ఎత్తకుండ, మాటకును మాటకును ఎడము లేకుండ ముడివేయుచు పోవు ఆయన గొలుసుకట్టు వ్రాత లెక్కలకును దస్తావేజులకును ఎంత అనువైనదో, సామాన్యునికి అంత దుర్భేద్యమైనది. బడిలో ఓనమాలు దిద్ది, శతకములు వల్లించినవాడు సైతము దానిని చదువలేక దిక్కులు చూచుట కద్దు. ఇక జాబునకు ఒక మర్యాద యుండెను. పెద్దలైనచో 'మహారాజరాజశ్రీ' యనియు, వేదవేత్తలైనచో 'బ్రహ్మశ్రీ వేదమూర్తులైన' యనియు, కుమార్తెయైనచో 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' యనియు, భర్తను కోల్పోయిన తల్లియైనచో 'గంగాభాగీరథీ సమానురాలైన' యనియు సంబోధించి, సాష్టాంగ నమస్కారములో ఆశీర్వచనములో విన్నవించి, ఉభయకుశలోపరి యని పలికిన పిమ్మటగాని అసలు సంగతి మొదలుకాదు. నేటివారికి ఇది కాలవ్యర్థముగా తోచవచ్చును. నేను అట్లు తలపను. వ్రాయించువానికి అక్షరము రాదు, వినువానికిని రాదు. ఇద్దరి నడుమ నున్నవాడు పరాయివాడు. అట్టి స్థితిలో ఎన్నడును మారని ఆ సంబోధనయే, ఈ మాట ఫలానివారినుండి ఫలానివారికి, ఫలాని వరుసతో వచ్చినదని వినువాని మనసునకు నమ్మకము కలిగించుచుండెను. అత్యవసరమైన కబురు మాత్రము కాగితము నెక్కెడిది కాదు; వెట్టివాడో ఇంటి పాలేరో కాలినడకను పోయి నోటనే చెప్పి వచ్చెడివాడు.

1854వ సంవత్సరము ఈ దేశపు వార్తాచరిత్రలో రెండు విధముల స్మరణీయమైనది. అంతకుముందు జాబు వెల దూరమునుబట్టి మారుచుండెను. గవర్నరు జనరలు డల్హౌసీ కాలమున వచ్చిన తపాలాచట్టము ఆ భేదమును తొలగించి, ఆ యేటి అక్టోబరు 1వ తేదీనుండి పావుతులము బరువునకు మించని జాబు కంపెనీవారి రాజ్యమున ఎంతదూరము పోయినను అర్ధణాయే యని నిర్ణయించెను. చెన్నరాజధానిలో నాటికి ఇంకను రైలు లేదు. చేత గజ్జెలు కట్టిన బరిసె పట్టుకొని, సంచిని భుజమున వేసికొని, పగలనక రాత్రియనక పరుగెత్తు తపాలా బంట్రోతు కాళ్లే ఆ అర్ధణా జాబునకు ఆధారము. అదే సంవత్సరము మార్చి 24వ తేదీన ఆగ్రానుండి కలకత్తాకు ఎనిమిదివందల మైళ్ల పర్యంతము తంతిమీద తొలివార్త నడచెను.

ఈ తంతి వెనుక నున్న ఓషాగ్నెసీ అను ఐర్లండు దేశీయుడు వృత్తిచేత వైద్యుడు, కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రము బోధించినవాడు. 1839లోనే ఆ నగరప్రాంతమున ఆయన తంతిప్రయోగములు చేసి చూపినను ప్రభుత్వము చెవిని బెట్టలేదు; పండ్రెండేండ్లు గడచిన తరువాత, 1851లో, కలకత్తానుండి డైమండు హార్బరువరకు ఓడల రాకపోకలను తెలుపుటకై వేసిన చిన్న మార్గము పనిచేయుట చూచి డల్హౌసీ ఆయన పక్షము వహించెను. ఇచ్చటి గాలివానలకును కోతుల ఊగులాటకును సన్నని తీగెలు నిలువవని మందపు ఇనుపకడ్డీలను వాడజూచిన ఆ మనుష్యుని ఉపాయశాలిత్వము మెచ్చదగినది. 1856 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, పెషావరు, చెన్నపట్టణములను కలుపుచు ఇంచుమించు నాలుగువేల మైళ్ల తంతి ఈ దేశమున నెలకొనెను. 1855 ఫిబ్రవరినుండి ప్రజలును వార్తలు పంపుకొనవచ్చునని అనుజ్ఞ లభించినది; విలాసముతో కలిపి పదునారు మాటలకు, ప్రతి నాలుగువందల మైళ్లకు, ఒక్కొక్క రూపాయి రుసుము. ఒక్క రూపాయికి ముప్పదిరెండు అర్ధణాలు గదా. ఒక తంతివార్త వెలకు ముప్పదిరెండు జాబులు వ్రాసికొనవచ్చునన్నమాట.

వెలకంటె పెద్ద అడ్డంకి వేరొకటి యుండెను. కొలదికాలమునకే ఈ దేశమున స్వీకరింపబడిన మోర్సు సంకేతములు ఆంగ్లభాష కొలతకు కుట్టబడినవి. అమెరికాలో మోర్సునకు తోడ్పడిన ఆల్ఫ్రెడు వెయిలు ఒక అచ్చుశాలకు పోయి, అక్షరముల అరలలో ఏ అక్షరము ఎంత విరివిగా నున్నదో చూచి, ఎక్కువగా వాడబడు దానికి తక్కువ శ్రమయు, తక్కువగా వాడబడు దానికి ఎక్కువ శ్రమయు కేటాయించెనని చెప్పుదురు. అందుచేతనే ఆంగ్లమున అన్నిటికంటె తరచుగా వచ్చు 'ఇ' అను అక్షరమునకు ఒక్క చుక్కయు, 'టి'కి ఒక్క గీతయు దక్కినవి. గుణింతములతో, ఒత్తులతో, సున్నలతో అలరారు తెలుగు అక్షరమునకు ఆ చుక్కలలోను గీతలలోను చోటే కలుగలేదు. ఇది అసాధ్యమైన కార్యము కాదు. జపానువారు తమ కనా అక్షరములకు వేరుగా సంకేతములు కల్పించుకొనిరి. వేలకొలది చిత్రాక్షరములు గల చీనాభాషకు సైతము 1870 ప్రాంతముల అక్షరమున కొక నాలుగంకెల సంఖ్య చొప్పున నిఘంటువు ఏర్పడి ఆ సంఖ్యలు తంతిమీద నడచినవి. ఆ దేశములలో తంతి వాణిజ్యమునకును రాజ్యమునకును ఉపయోగపడవలె నన్నచో ఆ దేశభాషలో నడువక తప్పలేదు. ఇచ్చట రాజ్యమును తంతియు ఒకే చేతిలోనివి, ఆ చేతి భాష ఆంగ్లము. ప్రజల భాషలకు సంకేతములు కల్పించు తొందర ఎవరికిని లేకపోయెను. దేవనాగరిలో తంతివార్తలు పంపు ఏర్పాటు సైతము స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1949లోగాని జరుగలేదు.

కనుక తంతికచేరి కిటికీయొద్ద నిలిచిన తెలుగు రైతు చేతిలో రూపాయి యుండియు నోటిలో మాట లేనివాడయ్యెను. మొదట తన సంగతిని ఎవరికో తెలుగున చెప్పుకొనవలెను. ఆయన దానిని ఆంగ్లములోనికి మార్చి, మాటకు ఇంత యని వెల గనుక కుదించి, కాగితముమీద వ్రాసి యిచ్చును. ఆ మాటలను కచేరి గుమాస్తా కట్టకట్టమని కొట్టి పంపును. ఆవలి యూర మరియొక గుమాస్తా చెవితో విని వ్రాసికొనును. దానిని తెచ్చిన బంట్రోతు చేతినుండి అందుకొన్న యింటివారు తిరిగి ఆంగ్లము చదువగల మరియొకరిని వెదకికొని పోవుదురు. మెరుపువేగమున నడచెడి యంత్రమునకు ఈవలను ఆవలను ఇందరు మనుష్యులు నిలువవలసి వచ్చెను.

పల్లెలో ఆ చదివి చెప్పువాడు బడిపంతులో, పోస్టుమాస్టరో, దాపున రైలుమార్గమున్నచో స్టేషనుమాస్టరో. తంతి వచ్చినదను మాట వీధిలో వినబడగానే, కవరు విప్పకముందే ఆ యింటి ఆడువారి గుండెలు జారిపోయెడివి. ఏలయన సామాన్య కుటుంబములకు ఏడాదికో రెండేండ్లకో ఒకసారి వచ్చెడి ఆ కాగితము చావుకో ప్రాణాపాయమునకో తప్ప వచ్చెడిది కాదు. ఆంగ్లమెరిగిన ఆ ఒక్కడు ఊరివారి ముఖములు చూచుచు చదువవలసి వచ్చినప్పుడు, తనకు ముందుగా తెలిసిన దుఃఖమును ఎంత మెల్లగా వెల్లడింపవలెనో అప్పటికప్పుడు నిర్ణయించుకొనవలసి యుండెను. ఈ పనికి వారెవరును జీతము పుచ్చుకొనలేదు. వారి పేర్లు ఏ చరిత్రలోను లేవు.

ఆ పరభాషలోనే మన జనులు తమ మర్యాద నొకదానిని నిలుపుకొనుట నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము. 'మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ' యను నాలుగు మాటల వార్త తెలుగునాట వేలకొలది ఇండ్లకు వచ్చియుండును. తల్లి అప్పటికే గతించి యుండినను పంపువారు ఆ చావుమాట పంపెడివారు కారు. దూరదేశమున నున్న కుమారుడు రైలులో ఒంటరిగా ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణము చేయవలెను. ఆ భారమును అతడొక్కడే మోయరాదనియు, ఊరికి వచ్చి నలుగురి నడుమ నిలిచిన తరువాతనే వినవలెననియు వారి తలంపు. పుచ్చుకొన్నవాడును దాని భావమును చాలవరకు గ్రహించియే బయలుదేరెడివాడు. గ్రహించియు, దారి పొడుగున ఒక చిన్న ఆశను చేతబట్టుకొని వచ్చెడివాడు. చావుకబురును మొగముమీద చెప్పరాదను మన పూర్వాచారము ఈ విధముగా పరాయి భాషలో, పరాయి యంత్రముమీద, మాటకు అణాల చొప్పున వెల చెల్లించి బ్రతికినది. పరీక్షలో కృతార్థుడైన వార్తలు, ఉద్యోగపు ఉత్తరువులు, పెండ్లి శుభాకాంక్షలు కూడ తంతిమీద రాకపోలేదు. కాని ప్రజల జ్ఞాపకమున తంతి అనగానే తలపునకు వచ్చునది ఆ నాలుగు మాటల కాగితమే.

తంతి తొలుచుకొని రాలేని ఇండ్లలోనికి పోస్టుకార్డు వచ్చినది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము 1869 అక్టోబరులో దానిని లోకమునకు పరిచయము చేయగా, పదేండ్లు తిరుగకముందే, 1879 జూలై 1వ తేదీన, అది ఈ దేశమునకు వచ్చెను. వెల పావు అణా, అనగా ఒక్క కానీ. కానీ కార్డు తెలుగువారి భాషకు చేసిన మేలు ఏ పండితసభయు చేయలేదని నా దృఢవిశ్వాసము. దానిమీద ఏ లిపిలో వ్రాసినను ప్రభుత్వమునకు అభ్యంతరము లేదు. విలాసము చాలినంత స్పష్టముగా నున్నచో బంట్రోతు దానిని చేర్చును. యంత్రము అడిగిన భాషలో మనము మాటలాడవలసిన అవసరము అచ్చట తొలిసారిగా తప్పిపోయెను.

అరచేతికి మించిన ఆ దళసరి కాగితమున చోటు కొరత. పూర్వపు సంబోధనలు దానిమీద ఇమడవు. అందుచేత 'మహారాజరాజశ్రీ' యనునది 'మ.రా.రా.శ్రీ' యయ్యెను; 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' యనునది 'చి.ల.సౌ.' అయ్యెను, 'గంగాభాగీరథీ సమానురాలు' 'గం.భా.స.' అయ్యెను. మర్యాద పోలేదు, చోటునకు తగినట్లు ముడుచుకొన్నది. నలుమూలల పసుపు పూసిన కార్డు గుమ్మములోనికి వచ్చినచో అక్షరము రాని ముసలమ్మకు సైతము అది శుభవార్త యని తెలిసిపోవును. చావు తెలిపిన కార్డును చదివిన వెంటనే చింపివేసెడివారు. ఇంట నుంచుకొనెడివారు కారు. మూయుటకు వీలులేని ఆ కాగితము బంట్రోతునకు, పోస్టుమాస్టరునకు, వీధియరుగున కూర్చున్నవారికి అందరికిని తెరచిన పుస్తకమే గనుక, ఏ మాట కార్డున వ్రాయదగినదో, ఏది కవరులో పెట్టదగినదో యను వివేకము కూడ జనులలో పెంపొందెను.

ఈ కార్డు నిజమైన విలువను ఎరిగినవారు మన ఆడపడుచులు. ఎనిమిదేండ్లకో పదేండ్లకో పెండ్లియై, కొంతకాలమునకు అత్తవారింటికి పోయిన పిల్ల తన పుట్టింటికి కబురు చెప్పుకొనవలెనన్న, అత్తవారి గ్రామములో కలము పట్టినవానినే ఆశ్రయింపవలెను. ఆయన మామగారికి స్నేహితుడై యుండును, మరదియై యుండును. అట్టివాని యెదుట నిలిచి ఆమె చెప్పుకొనగలిగినది 'మేమందరము క్షేమము' అను ఒక్క మాటయే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పినప్పుడును, 1883లో సతీహితబోధిని యను పత్రికను స్త్రీలకొరకు ప్రకటించినప్పుడును జరిగిన వాదములలో, చదివిన ఆడుది జాబులు వ్రాయునన్న భయము ప్రతిపక్షుల మనసులలో మెదలుచుండెననుటకు సందేహము లేదు. ఆ భయమునకు కారణము లేకపోలేదు. తన చేతితో తానే వ్రాసికొనగలిగిన ఆడుపిల్ల తన కష్టమును తండ్రికి తెలుపగలదు. తప్పుల తడకలైన ఆ జాబులు, ద్విత్వములు జారి, సున్నలు ఎగిరిపోయి, మాటలాడినట్లే వ్రాసిన ఆ జాబులు, మన గద్యచరిత్రలో ఎవరును లెక్కకు తీసికొనని ఒక గొప్ప అధ్యాయము. వానిలో అనేకములు చదువబడిన వెంటనే పొయ్యిలో పడినవి గదా యని చింతించుట తప్ప మనము చేయగలది లేదు.

గోదావరి విశాఖపట్టణ మండలములనుండి ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయిన తెలుగువారి కథ వేరొక వ్యాసమున చెప్పవలసినంత పెద్దది. ఇచ్చట ఒక్క విషయము చాలును. 1937లో విడిపోవువరకు బర్మా ఈ దేశముతో ఏకపరిపాలనలో నుండుటచే తపాలాయు ఒక్కటే. 1880లో తపాలాశాఖ చేపట్టిన మనియార్డరు పద్ధతి ద్వారమున ఆ కూలివాని కష్టార్జితము సముద్రము దాటి ఇల్లు చేరగలిగెను. ఆ పత్రమునకు అడుగున కబురు వ్రాసికొనుటకు విడిచిన చిన్న జాగాలో, రూపాయల లెక్క తరువాత, పిల్లల పేర్లు, ఎద్దుల క్షేమము, బాకీ తీర్చవలసినవారి పేర్లు నాలుగు పంక్తులలో ఇమిడి వచ్చెడివి. సొమ్ముతో వచ్చిన మాట గనుక ఇంటివారు దానిని మరి రెండుసార్లు చదివించుకొనెడివారు.

హైదరాబాదు రాజ్యమున స్థితి భిన్నము. నిజాము ప్రభువులకు ప్రత్యేకమైన తపాలాశాఖ యుండెను. 1871లో వెలువడిన వారి తపాలా బిళ్లలమీద పారసీకము, ఆంగ్లము, తెలుగు, మరాఠి అను నాలుగు భాషల అక్షరములు కలవు. బిళ్లమీద తెలుగు నిలిచినను కచేరిలో తెలుగునకు స్థానము లభింపలేదు. 1880 తరువాత పారసీకమునకు మారుగా ఉర్దూ రాజభాష యయ్యెను; 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగానే అవతరించెను. దేశభాష యొకటి ఆధునిక శాస్త్రములను మోయగలదని లోకమునకు చూపిన ఘనత ఆ విద్యాలయమునకు చెల్లవలసినదే. తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు ఒకరితోనొకరు మాటలాడుకొనుటకు ఉర్దూ ఉపకరించిన మాటయు నిజమే. కాని నలుగురిని కలుపు భాష ఇంటిభాషను సభనుండి వెలివేసినప్పుడు కలుగు గాయము వేరు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో, కార్వే పండితుని అధ్యక్షతన ఇతరభాషల ఉపన్యాసములు నిరాటంకముగా సాగగా, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినంతనే సభికులు అల్లరిచేసి ఆపివేసిరి. ఆ అవమానము నిప్పువలె తాకగా అప్పటికప్పుడే ఆంధ్రజనసంఘము పుట్టెను. అయిదేండ్లకు సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండపత్రిక పుట్టెను. అన్నివిధములైన యంత్రములు నగరమున నుండగా, మైకుముందో సభాముఖముననో నిలిచినవానికి తన మాట పలుకు హక్కు లేకపోయినచో యంత్రము చేయగలది ఏమున్నది?

తంతి తెలుగునకు చేసిన ఉపకారమొకటి కలదు. అది తానెరుగకయే చేసినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆరంభించిన ఆంధ్రపత్రికను 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా మార్చిరి. ఆ సంవత్సరమే ఐరోపాలో మహాయుద్ధము రగుల్కొనెను. రాయిటరువారి తంతివార్తలు రాత్రింబవళ్లు ఆంగ్లమున వచ్చి పడుచుండ, ఉదయమునకు వానిని తెలుగుచేసి అచ్చెక్కింపవలసిన భారము ఉపసంపాదకులపై పడెను. ఆంగ్లవాక్యమున కర్త వెంటనే క్రియ వచ్చును. తెలుగువాక్యమున క్రియ చిట్టచివర నిలుచును. తునుకలు తునుకలుగా వచ్చు తంతివార్తను పూర్తిగా పుచ్చుకొని, అర్థము చేసికొని, తుదిని మొదట తలచిగాని అతడు తెలుగున తొలిమాట వ్రాయలేడు. శాసనసభలకు, ఆర్థికవ్యవహారములకు, జలాంతర్గాములకు, విమానములకు నిఘంటువులలో మాటలు లేవు. ఉన్నను ఇచ్ఛాపురపు పాఠకునికిని చిత్తూరు పాఠకునికిని ఒక్కరీతిగా అర్థమగునో కాదో తెలియదు. దీపము వెలుతురున గంటలో నిర్ణయింపవలెను. ఒకని నిర్ణయమును మరునాడు వేలమంది చదివి, వీథియరుగులమీద బిగ్గరగా పదిమందికి చదివి వినిపించి, తమ సంభాషణలోనికి తీసికొందురు. వాడుకభాషకై గిడుగు రామమూర్తి పంతులుగారును, వారి వాదమును నిరాకరించిన పండితులును తర్కించుచుండిన ఆ కాలముననే, ఈ రాత్రిపని వలన, మండలమున కొక తీరుగా నున్న తెలుగు నడుమ అందరికిని అర్థమగు ఒక ఉమ్మడి తెలుగు మెల్లమెల్లగా కుదురుకొనెను. మన ఉమ్మడిభాషకు కర్తలెవరని అడిగినచో నేను కవులతోపాటు పేరులేని ఆ అనువాదకులను కూడ చేతులెత్తి చూపుదును.

టెలిఫోను 1882లోనే చెన్నపట్టణమునకు వచ్చినను చాలకాలము సంపన్నుల సొమ్ముగానే యుండెను. రేడియో అట్లు కాదు. 1938 జూన్ 16వ తేదీన చెన్నపట్టణ కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును ప్రసారము లారంభించినవి. 1951 జనాభా లెక్కల నాటికి ఈ దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనమండ్రుగురికి కొంచెము మించిరి. అట్టి దేశమున చదువునడుగని యంత్రము వచ్చుట సామాన్య విషయము కాదు. పంచాయతికచేరి ముంగిట సాయంకాలము చేరిన రైతులు, వ్యవసాయపు మాటలను, ధరవరలను, పాటలను ఎవరి చేతను చదివించుకొనకయే వినిరి.

తంతివార్తల సేవను ప్రభుత్వము 2013 జూలైలో ఆపివేసెను. కడపటి దినమున తంతికచేరులయొద్ద జనులు బారులు తీరి ఆప్తులకు వార్తలు పంపికొనిరి. అప్పటికే వారి చేతులలో సెల్‌ఫోనులు కలవు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగు అక్షరములకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య నియమింపబడెను; చీనాభాషకు తంతికొరకు అప్పటికి నూట ఇరువది యేండ్లక్రిందట జరిగిన ఏర్పాటు వంటిది మనకు అట్లు లభించినది. అయినను నేటి యువకులు పెక్కురు తెలుగు మాటను ఆంగ్లాక్షరములలో వ్రాసి పంపుచున్నారు. కారణములు వెదకినచో, మొదట చేతికి వచ్చిన ఫోనులలో తెలుగు కనబడకపోవుట యొకటి. బడిలో తెలుగు వ్రాత అలవడకపోవుట యొకటి. ఒత్తులు గుణింతములు మీటుటకు ఆంగ్లమునకంటె కొంత ఎక్కువ శ్రమ యగుట మరియొకటి. వీనిలో మొదటిది తీరినది. మూడవదియు చాలవరకు తీరినది, చేతి మీటలు వద్దనుకొన్నవారు నోటితో పలికినను ఫోనే తెలుగున వ్రాసి పెట్టుచున్నది. రెండవది మాత్రము ఫోను తీర్చగలది కాదు. అది బడిలో తీరవలసినది, దానినిగురించి మనము పడవలసినంత ఆందోళన పడుటలేదని నా బాధ.

గల్ఫు దేశములలో పనికి పోయిన తెలంగాణపు, రాయలసీమపు కుటుంబములలో అక్షరమెరుగని తల్లులు నేడు తమ కంఠమునే పంపుచున్నారు. కరణము లేడు, పంతులు లేడు. ఏడ్చినచో ఏడ్పే పోవును, నవ్వినచో నవ్వే పోవును. అదే ఫోనునకు బ్యాంకునుండి, ఆసుపత్రినుండి వచ్చు సంక్షిప్తవార్తలు మాత్రము నేటికిని అధికముగా ఆంగ్లముననే యుండుటచే, వానిని చదివించుకొనుటకు ఆ తల్లి ప్రక్కయింటి బడిపిల్లవానిని పిలిచి ఫోను చేతికిచ్చుచున్నది.